మొక్కల్లోని పదార్థాలు మన డీఎన్ఏని నిజంగా కాపాడతాయా? నాన్న కోసం అడుగుతున్నాను

కవిత_హన్మకొండ (18 జనవరి, రాత్రి 9:42)

అందరికీ నమస్కారం. మా నాన్నకు 61 ఏళ్లు. ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైర్ అయ్యారు. ఇరవై ఆరో ఏట మొదలైన సిగరెట్లు. ఒకప్పుడు రోజుకో పెట్టె అయ్యేది, ఇప్పుడు ఆరేడు కాలుస్తారు. మూడేళ్ల కింద గుండెకు స్టెంట్ వేశాక నాలుగు నెలలు పూర్తిగా మానేశారు, మళ్లీ మొదలుపెట్టారు.

సంక్రాంతికి వచ్చిన మా మేనమామ ఒక డబ్బా తెచ్చి నాన్న చేతిలో పెట్టారు. "పూర్తిగా మొక్కల నుంచి తీసినది, కణాల్లోని డీఎన్ఏ పాడవకుండా కాపాడుతుంది" అని దాని మీద రాసి ఉంది. నెలకు 2,800 రూపాయలు. డబ్బు పోతే పోయింది. కానీ మామయ్య అన్న మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. "బావా, ఇది వేసుకుంటే నువ్వు కాల్చినా లోపల ఏమీ కాదు." నాన్న ఆ మాట గట్టిగా పట్టుకున్నారు. నిన్న నేను కోప్పడితే డబ్బా చూపించారు.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను, బయాలజీ పదో తరగతితోనే ఆగింది. మొక్కల్లోని పదార్థాలు మనిషి కణాల డీఎన్ఏని కాపాడతాయన్న మాటలో నిజం ఎంత? నాన్నతో వాదించాలంటే నాకు ముందు విషయం తెలియాలి.

పచ్చితులసి (18 జనవరి, రాత్రి 10:15)

కవిత గారూ, నేను రాజమండ్రిలో ఆయుర్వేద వైద్యం చేస్తాను. ఇందులో నిజం లేకపోలేదు, ముందు అది చెబుతాను.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 1992లో ఒక అధ్యయనం ప్రచురించారు. చాలా ఏళ్లుగా పొగతాగుతున్న 16 మందికి రోజుకు ఒకటిన్నర గ్రాము పసుపు చొప్పున 30 రోజులు ఇచ్చారు. పొగతాగేవాళ్ల మూత్రంలో డీఎన్ఏని మార్చే పదార్థాలు ఉంటాయి. అవి ఎంత ఉన్నాయో సాల్మొనెల్లా బ్యాక్టీరియా మీద పరీక్షించి చూడొచ్చు. పసుపు తీసుకున్నాక అవి గణనీయంగా తగ్గాయి. పోల్చడానికి పెట్టుకున్న ఆరుగురు పొగతాగనివాళ్లలో ఏ మార్పూ లేదు. క్యాప్సూల్ కాదు, సారం కాదు, వంటింటి పసుపు. తెలుగు నేల మీద జరిగిన పని, నాకు చాలా గౌరవం.

తులసి సంగతీ చెప్పాలి. అందులోని ఓరియెంటిన్, విసెనిన్ అనే రెండు పదార్థాల మీద మణిపాల్‌లో ఏళ్ల తరబడి పని జరిగింది. రేడియేషన్ ఇచ్చిన ఎలుకలను, ఆ తర్వాత ల్యాబ్‌లో మనిషి రక్తకణాల క్రోమోజోములను కూడా అవి కొంతవరకు కాపాడాయి.

అయితే మీ మామయ్య గారన్న మాట మా శాస్త్రంలో ఎక్కడా లేదు. మేము ఏ చికిత్స మొదలుపెట్టినా మొదటి మెట్టు నిదాన పరివర్జనం, అంటే రోగానికి కారణమైనదాన్ని వదలడం. అది వదలకుండా పైన ఏ మందు వేసినా అది చికిత్స కాదు.

గాజుపలక (18 జనవరి, రాత్రి 11:30)

నేను హైదరాబాద్‌లో ఆరేళ్లు సరిగ్గా ఈ పనే చేశాను. మొక్కల సారాలు కలిపి, మనిషి రక్తకణాల డీఎన్ఏ ఎంత దెబ్బతిందో కొలిచే పని. అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

మేము ఎక్కువగా వాడింది కామెట్ టెస్ట్. దానికి కొద్దిపాటి రక్తం చాలు. అందులోని తెల్ల కణాలను గోరువెచ్చని జెల్‌లో కలిపి గాజుపలక మీద పలుచగా పరుస్తాం. ఉప్పు, డిటర్జెంట్ ఉన్న ద్రావణంలో ఆ పలకను ముంచితే కణం పొరలు కరిగిపోయి డీఎన్ఏ ముద్ద ఒక్కటే జెల్‌లో మిగులుతుంది. తర్వాత గాఢమైన క్షారంలో ఉంచి కరెంటు పెడతాం. డీఎన్ఏ చెక్కుచెదరకపోతే మైక్రోస్కోపులో గుండ్రంగా, నిండు చంద్రుడిలా కనిపిస్తుంది. తెగిన ముక్కలుంటే అవి కరెంటు లాగినవైపు జారి తోకచుక్కలా సాగుతాయి. తోక ఎంత ఉంటే దెబ్బ అంత. మామూలు వెలుతురుకి కూడా డీఎన్ఏ దెబ్బతింటుందని మసక పసుపు లైట్ల కింద పనిచేసేవాళ్లం. ఈ పరీక్షతోనే హైదరాబాద్ ఐఐసీటీ (భారత రసాయన సాంకేతిక సంస్థ) శాస్త్రవేత్తలు పురుగుమందులు తయారుచేసే కార్మికుల రక్తం పరీక్షించి, మిగతావాళ్ల కంటే వాళ్ల డీఎన్ఏ ఎక్కువ దెబ్బతింటోందని 2003లో చూపించారు.

ఇప్పుడు డబ్బాల మీది "ల్యాబ్‌లో నిరూపితం" సంగతి. కణాలకు ముందు మొక్క సారం ఇస్తాం. తర్వాత డీఎన్ఏని దెబ్బతీసే హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటిది పోస్తాం. తోక తగ్గితే "ఈ సారం డీఎన్ఏని కాపాడింది" అని రాస్తాం. నేనూ అలా రాశాను. అది అబద్ధం కాదు. కానీ ఆ వాక్యం పలక దాటి మనిషి దాకా రావాలంటే చాలా దూరం ఉంది.

మొదటిది మోతాదు. పలక మీద మేము పోసినంత గాఢత తిండి ద్వారా రక్తంలోకి దాదాపు ఎప్పుడూ రాదు, పదుల రెట్లు, కొన్నిసార్లు వందల రెట్లు తేడా ఉంటుంది. పసుపులో కర్క్యుమిన్ ఉండేదే సుమారు 3 శాతం. అది పేగు నుంచి రక్తంలోకి చాలా తక్కువగా వెళ్తుంది. వెళ్లినదాన్ని కాలేయం త్వరగా మార్చేసి బయటికి పంపుతుంది. మిరియాల్లోని పైపరిన్‌తో కలిపి ఇస్తే రక్తంలో కర్క్యుమిన్ 20 రెట్లు పెరిగిందని బెంగళూరు పరిశోధకులు 1998లో చూపించారు. అప్పటి నుంచి ఇలాంటి క్యాప్సూల్స్‌లో చాలావాటికి మిరియాల సారం కలుపుతున్నారు. అసలే అతి తక్కువ ఉన్నది 20 రెట్లయినా ఇంకా తక్కువే.

రెండోది నా అనుభవం. ఒకసారి తేయాకు లాంటి ఒక ఆకు సారం మీద పనిచేస్తున్నాను. తక్కువ మోతాదులో తోకలు బాగా తగ్గాయి, సంబరపడ్డాను. మోతాదు పెంచుతూ పోతే, పెరాక్సైడ్ పోయని పలకల మీద కూడా తోకలు రావడం మొదలైంది. నెల రోజులు నా చేతిలోనే తప్పుందనుకుని మళ్లీ మళ్లీ చేశాను. తర్వాత తెలిసింది, పాలీఫినాల్స్ అనే ఈ పదార్థాలు కణాలు పెంచే ద్రవంలో గాలి తగిలి ఆక్సీకరణ చెంది, వాటంతట అవే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని పుట్టిస్తాయట. కాపాడుతుందనుకున్నదే కణాలను కొట్టింది. అప్పటి నుంచి "యాంటీఆక్సిడెంట్" (ఆక్సీకరణ దెబ్బని ఆపేది) అన్న మాట వింటే నేను మొదట అడిగేది "ఎంత మోతాదులో?" అనే.

మూడోది అన్నిటికంటే పెద్దది. సిగరెట్ పొగలో డీఎన్ఏకి తగిలే దెబ్బ ఫ్రీ రాడికల్స్‌తో, అంటే దొరికినదాన్నల్లా ఆక్సీకరణతో దెబ్బతీసే చురుకైన అణువులతో, మాత్రమే కాదు. పొగలోని బెంజోపైరీన్‌ని మన కాలేయం, ఊపిరితిత్తులు కడిగి పంపేయాలని చూస్తాయి. ఆ ప్రయత్నంలోనే అది ఇంకా చురుకైన రూపానికి మారి డీఎన్ఏలోని గ్వానిన్ అక్షరానికి అతుక్కుంటుంది. క్యాన్సర్‌ని ఆపే పీ53 అనే జన్యువులో అది ఎక్కువగా అతుక్కునే చోట్లు, ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో ఎక్కువగా పాడైన చోట్లు ఒకటేనని 1996లో చూపించారు. ఫ్రీ రాడికల్స్‌ని మాత్రమే పట్టుకునే పదార్థం ఈ అతుకుని ఏమీ చేయలేదు.

సందేహి (19 జనవరి, ఉదయం 7:05)

గాజుపలక గారూ, చదివాను. నా మనసులో మాట చెబుతాను. ఇవన్నీ మన పెద్దలు వేల ఏళ్లు తిన్నవే కదా. మేలు చేయకపోయినా చెట్టు నుంచి వచ్చింది హాని మాత్రం చేయదు కదా? మా అమ్మ కూడా ఇలాంటివి తీసుకుంటుంది. నాకిప్పుడు టెన్షన్ పట్టుకుంది.

పచ్చితులసి (19 జనవరి, ఉదయం 8:20)

సందేహి గారూ, ఆ మాట నిజం కాదని చెప్పాల్సిన బాధ్యత మా వాళ్లదే.

గాడిదగడపాకు తెలుసా? పొలం గట్ల మీద, నల్లరేగడి నేలల్లో పాకుతుంది. పల్లెల్లో పురుగులకు, చర్మరోగాలకు వాడేవాళ్లు. దాని కుటుంబంలోదే ఈశ్వరి, పాముకాటుకు వేరు అరగదీసి ఇచ్చేవాళ్లు. ఈ రెండూ అరిస్టోలోకియా జాతి మొక్కలు. వాటిలో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. అది నేరుగా డీఎన్ఏకి అతుక్కుంటుంది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి మూలికల మాత్రలు వాడిన ఆడవాళ్లకు మూత్రపిండాలు పాడయ్యాయి, అలాంటి కేసులు వంద దాటాయి. ఒక మూలిక బదులు ఈ జాతి మొక్క కలిసిపోయింది. వాళ్లలో చాలామందికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. డాన్యూబ్ నది పక్క పల్లెల్లో ఎన్నో ఏళ్లుగా అంతుపట్టని కిడ్నీ జబ్బుకి కూడా కారణం ఇదే. గోధుమ చేలల్లో కలుపుగా పెరిగిన ఈ జాతి మొక్క గింజలు పిండిలో కలిసేవి. అది డీఎన్ఏ మీద వదిలే గుర్తు ఎంత ప్రత్యేకంగా ఉంటుందంటే, క్యాన్సర్ గడ్డలోని మ్యుటేషన్లు (డీఎన్ఏలో వచ్చిన మార్పులు) చూసి ఆ మనిషి ఈ మొక్క తిన్నాడని చెప్పగలరు.

వక్క కూడా చెట్టుదే. పొగాకు లేకుండా నమిలినా క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. నా దగ్గరికి వక్క నమిలి నోరు తెరుచుకోని కుర్రాళ్లు వస్తుంటారు, ఇరవై రెండు, ఇరవై నాలుగేళ్ల వాళ్లు. నాకు చాలా బాధగా ఉంటుంది.

చెనక్కాయ_రైతు (19 జనవరి, ఉదయం 10:48)

మాది కదిరి దగ్గర. నాకు ఇంత సైన్సు తెలియదు గానీ ఒకటి అడుగుతాను. చెనక్కాయలకు పట్టే పచ్చ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుందని, అది కాలేయంలో డీఎన్ఏని పాడుచేస్తుందని ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థ వాళ్లు మా ఊళ్లో మీటింగు పెట్టి చెప్పారు. పంట చివర్లో వాన లేక భూమి ఎండిపోతే ఆ బూజు గింజలోకి దిగుతుందంట. మాకు మూడేళ్లకు రెండేళ్లు అదే పరిస్థితి. ఈ విషానికి విరుగుడుగా ఏదైనా ఆకు గానీ కాయ గానీ ఉందా? ఇంట్లో పిల్లలు రోజూ పల్లీలే తింటారు.

గాజుపలక (19 జనవరి, మధ్యాహ్నం 1:30)

అన్నా, చాలా మంచి ప్రశ్న వేశారు. మనుషుల్లో పక్కాగా చూపించగలిగిన కొద్ది సందర్భాల్లో ఒకటి సరిగ్గా మీరు అడిగిందే.

చైనాలో షాంఘైకి ఉత్తరాన చీతోంగ్ అనే ప్రాంతం ఉంది. అక్కడివాళ్లు ఒకప్పుడు ఎక్కువగా మొక్కజొన్నే తినేవాళ్లు. తేమకు దానికి ఇదే బూజు పట్టేది. హెపటైటిస్ బి కూడా ఎక్కువ. రెండూ కలిసి కాలేయ క్యాన్సర్ విపరీతంగా ఉండేది. అఫ్లాటాక్సిన్ కాలేయంలో మారి గ్వానిన్‌కి అతుక్కుంటుంది. శరీరం ఆ అతుకుని కోసి మూత్రంలోకి పంపుతుంది. కాబట్టి మూత్రంలో ఆ ముక్కలు లెక్కపెడితే కాలేయంలో డీఎన్ఏకి ఎంత దెబ్బ తగులుతోందో తెలుస్తుంది.

అమెరికా, చైనా పరిశోధకులు అక్కడ 180 మందిని తీసుకుని, సగం మందికి రోజుకు మూడుపూటలా భోజనంతో పాటు 100 మిల్లీగ్రాముల క్లోరోఫిలిన్ ఇచ్చారు, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్ర. క్లోరోఫిలిన్ అంటే ఆకుల్లోని పచ్చటి పత్రహరితం నుంచి తయారుచేసిన, నీళ్లలో కరిగే రూపం. నాలుగు నెలలు ఇచ్చారు. మూడు నెలలప్పుడు చూస్తే, క్లోరోఫిలిన్ తీసుకున్నవాళ్ల మూత్రంలో ఆ ముక్కలు 55 శాతం తక్కువ. 2001లో వచ్చింది ఈ ఫలితం. ఇది ఎలా పనిచేస్తుందనుకుంటున్నారు? ఫ్రీ రాడికల్స్‌ని పట్టుకుని కాదు. దాని అణువు బల్లపరుపుగా ఉంటుంది, అఫ్లాటాక్సిన్ అణువూ అంతే. రెండూ పేగులోనే ఒకదానికొకటి అంటుకుని, విషం రక్తంలోకి పోకుండా బయటికి వెళ్లిపోతుంది. వాకిట్లోనే పట్టుకుంటుందన్నమాట.

అదే ప్రాంతంలో బ్రోకలీ మొలకల పానీయం 291 మందికి 12 వారాలు ఇచ్చి చూశారు. గాలి కాలుష్యంలోని బెంజీన్‌ని శరీరం మార్చి మూత్రంలోకి పంపడం 61 శాతం పెరిగింది. ఇందులోని సల్ఫోరాఫేన్ కణం లోపల విషాలను కడిగే ఎంజైములను ఎక్కువగా తయారుచేయిస్తుంది. ఈ రెండిట్లోనూ ఒక ఫలానా విషం, ఒక ఫలానా దారి. దేనికైనా పనికొచ్చే కవచం కాదు.

ఇక మీకు అసలు చెప్పాలనుకున్నది. చీతోంగ్‌లో కాలేయ క్యాన్సర్ మరణాలు నిజంగానే తగ్గాయి. 1960ల నుంచి 1980ల దాకా పుట్టిన తరాలను వరసగా చూస్తే, 35 ఏళ్ల లోపువాళ్లలో సగానికి పైగా తగ్గాయి. హెపటైటిస్ టీకా అందిన తరం కాదు వాళ్లు. పెద్ద కారణం, 1980ల్లో జనం మొక్కజొన్న మానేసి బియ్యానికి మారడం. క్లోరోఫిలిన్ అధ్యయనం అప్పటికి మొదలవనే లేదు.

అందుకని మీ పిల్లలకు ఆకులు వెతకొద్దు. కాయలు పీకాక చెట్లు తిరగేసి బాగా ఎండబెట్టండి, గింజలో తేమ 8 శాతం లోపుకి రావాలి. తడి గోనెల్లో నింపొద్దు. ముడతలు పడినవి, రంగు మారినవి, పుచ్చినవి, చేదు తగిలినవి ఏరి పారేయండి. విషం ఎక్కువగా ఆ కొన్ని గింజల్లోనే ఉంటుంది. వేయించినంత మాత్రాన అది పోదు.

చెనక్కాయ_రైతు (19 జనవరి, సాయంత్రం 6:12)

ఏరి పారేసినవి గానుగకు ఇస్తాం మేము. ఊళ్లో అందరూ అంతే. అది తప్పా?

గాజుపలక (19 జనవరి, సాయంత్రం 6:40)

ఇవ్వకండి అన్నా. విషంలో ఎక్కువ భాగం నూనె తీశాక మిగిలే చెక్కలోకి పోతుంది, కొంత గానుగ నూనెలోనూ ఉంటుంది. రిఫైన్ చేసేటప్పుడు క్షారంతో కడుగుతారు కాబట్టి పోతుంది, గానుగలో ఆ పని జరగదు. ఆ చెక్క ఆవు తింటే పాలల్లోకి వేరే రూపంలో వస్తుంది. ఆ పాలు తాగేదీ మీ పిల్లలే.

ఊపిరి_డాక్టర్ (19 జనవరి, రాత్రి 8:05)

నేను విశాఖలో ఛాతీ జబ్బుల డాక్టర్ని. కవిత గారూ, ఆ డబ్బా వెనక్కి తిప్పి, అందులో ఏమేం ఎంతెంత ఉన్నాయో ఇక్కడ రాయగలరా? కంపెనీ పేరు వద్దు. నాకు ఒక పదార్థం గురించి అనుమానంగా ఉంది.

కవిత_హన్మకొండ (19 జనవరి, రాత్రి 8:31)

రోజుకు రెండు క్యాప్సూల్స్ అని ఉంది. రెండిట్లో కలిపి: పసుపు సారం 1000 మి.గ్రా., నల్ల మిరియాల సారం 10 మి.గ్రా., గ్రీన్ టీ సారం 800 మి.గ్రా., ద్రాక్ష గింజల సారం 200 మి.గ్రా., "సహజ కెరోటిన్ (బీటా కెరోటిన్)" 15 మి.గ్రా.

నాన్న వేసుకునే మందులు: ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్ మాత్ర, బీపీ మాత్ర.

ఊపిరి_డాక్టర్ (19 జనవరి, రాత్రి 9:10)

నేను భయపడిందే అయింది. ఈ రాత్రి నుంచే ఆపించండి.

బీటా కెరోటిన్ అంటే క్యారెట్‌కి, గుమ్మడికి నారింజ రంగునిచ్చే పదార్థం. కూరగాయలు ఎక్కువ తినేవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువ. వాళ్ల రక్తంలో ఇది ఎక్కువ. ల్యాబ్‌లో ఇది ఫ్రీ రాడికల్స్‌ని పట్టుకుంటుంది. ఇవన్నీ చూసి 1980ల్లో ప్రపంచమంతా దీని మీద ఆశ పెట్టుకుంది. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది మగవాళ్లను తీసుకుని కొందరికి రోజుకు 20 మి.గ్రా. బీటా కెరోటిన్ ఇచ్చారు. అందరూ 50 నుంచి 69 ఏళ్ల మధ్యవాళ్లే, అంటే మీ నాన్నగారి లాంటివాళ్లు. 1994లో ఫలితం వచ్చింది. కెరోటిన్ తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు, 18 శాతం పెరిగింది. అమెరికాలో 18,314 మందితో ఇంకో అధ్యయనం జరుగుతోంది. అందులో 30 మి.గ్రా. కెరోటిన్‌తో పాటు విటమిన్ ఏ కూడా ఇచ్చారు. అక్కడ 28 శాతం పెరగడంతో 1996 జనవరిలో, అనుకున్న గడువు కంటే 21 నెలల ముందే ఆపేశారు.

ఇది మనం తినే క్యారెట్లతో వచ్చిన సమస్య కాదు. ఆహారంలో అంత రాదు, వచ్చినా మెల్లగా, మిగతావాటితో కలిసి వస్తుంది. మాత్రలో రోజూ ఒకేసారి అంత మోతాదు, పైగా పొగతో నిండిన ఊపిరితిత్తులు. అక్కడ అది తనే ఆక్సీకరణ చెంది చెడు పదార్థాలుగా మారుతుందని జంతువుల మీద పరిశోధనలు సూచిస్తున్నాయి. మీ డబ్బాలో 15 ఉంది, ఫిన్లాండ్‌లో 20. సిగరెట్ మానని మనిషికి నేను ఆ తేడా చూసి ధైర్యం చెప్పలేను.

మీ మామయ్య గారు ప్రేమతోనే తెచ్చి ఉంటారు. ఆయన్ని తప్పుపట్టకుండా ఈ సంగతి చెప్పండి.

దూరతీరం (19 జనవరి, రాత్రి 11:55)

న్యూజెర్సీలో ఫార్మసిస్టుని. మిగతావాటి గురించి రెండు మాటలు. గ్రీన్ టీ సారంలోని ఈజీసీజీ అనే పదార్థం రోజుకు 800 మి.గ్రా. లేదా అంతకంటే ఎక్కువైతే కాలేయ ఎంజైములు పెరుగుతున్నాయని (కాలేయం దెబ్బతింటోందనడానికి అది గుర్తు) ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. మీ డబ్బాలో 800 అన్నది సారం బరువు, అందులో ఈజీసీజీ ఎంతో రాయలేదు, అందుకే నాకు నచ్చలేదు. మిరియాలు కలిపిన పసుపు క్యాప్సూల్స్‌తో కాలేయం దెబ్బతిన్న కేసులు ఇటలీలో, ఇక్కడ అమెరికాలో నమోదయ్యాయి. రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్ వాడుతూ పసుపు మాత్రలు వేసుకున్న ఒకరికి రక్తం ప్రమాదకరంగా పలచబడిందని న్యూజిలాండ్ ఔషధ సంస్థ 2018లో హెచ్చరించింది. మీ నాన్నగారివి వేరే మందులు. అయినా రెండు రక్తం గడ్డకట్టనివ్వనివే. డబ్బా పట్టుకుని గుండె డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆ మందులు మాత్రం సొంతంగా ఆపొద్దు.

పప్పులో, చారులో పసుపుతో ఏ ఇబ్బందీ లేదు.

పచ్చితులసి (20 జనవరి, ఉదయం 6:50)

డాక్టర్ గారు చెప్పినదానికి పూర్తిగా ఒప్పుకుంటున్నాను. కానీ క్యాప్సూల్ అంటేనే పనికిరాదన్నట్టు చర్చ వెళ్తోంది, అక్కడ నా అభ్యంతరం. పశ్చిమ బెంగాల్‌లో బోరు నీళ్లలో ఆర్సెనిక్ ఉన్న ఊళ్లలో కోల్‌కతా చిత్తరంజన్ జాతీయ క్యాన్సర్ సంస్థ వాళ్లు జనానికి మూడు నెలలు కర్క్యుమిన్, పైపరిన్ ఇచ్చారు. గాజుపలక గారు చెప్పిన కామెట్ టెస్టుతోనే కొలిచారు. రక్తకణాల్లో డీఎన్ఏ దెబ్బ తగ్గింది. అది పలక మీద పోసింది కాదు, బతికున్న మనుషులకిచ్చింది.

గాజుపలక (20 జనవరి, ఉదయం 9:15)

నిజమే, ఆ ఫలితం నాకు తెలుసు, దాన్ని తీసిపారేయను. నా ఇబ్బంది ఏమిటంటే మూడు నెలల తర్వాత రక్తకణంలో తోక తగ్గడానికి, ఇరవై ఏళ్ల తర్వాత క్యాన్సర్ తగ్గడానికి మధ్య వంతెన ఇంకా కట్టలేదు. బీటా కెరోటిన్ కూడా ఆ వంతెన మీదే కూలింది. ఆ ఊళ్లకు కావలసింది మంచినీళ్లు.

పచ్చితులసి (20 జనవరి, ఉదయం 9:40)

మంచినీళ్లు రేపే వస్తే సంతోషం. ఎన్నో ఏళ్లుగా రాని ఊళ్లున్నాయి. ఆ నీళ్లే తాగక తప్పని తల్లికి, ఆ మధ్యకాలంలో కొంతైనా తగ్గించేది ఉంటే ఇవ్వాలంటాను. సిగరెట్ వేరు. అది ఎవరూ బలవంతంగా తాగించేది కాదు.

గాజుపలక (20 జనవరి, ఉదయం 9:58)

ఆ తేడా మీరు బాగా చెప్పారు. తప్పించుకోలేని విషానికి, వదిలేయగలిగిన విషానికి ఒకే జవాబు ఉండనక్కర్లేదు. ఇంకొంచెం ఆలోచిస్తాను.

సందేహి (20 జనవరి, మధ్యాహ్నం 12:20)

అయితే తిండితో ఏమీ జరగదా? మా అమ్మకు ఏం చెప్పాలి?

గాజుపలక (20 జనవరి, మధ్యాహ్నం 2:05)

జరుగుతుందండీ. స్కాట్లాండ్‌లో 14 మంది ఆరోగ్యవంతులకు రోజుకు ఒకటి, రెండు, మూడు కివీ పండ్లు చొప్పున మూడేసి వారాలు ఇచ్చారు. రక్తకణాల డీఎన్ఏలో ఆక్సీకరణ దెబ్బ తగ్గింది, కణం తనను తాను బాగుచేసుకునే సామర్థ్యం పెరిగింది. 2003లో వచ్చింది. చిన్న అధ్యయనమే, కానీ నాకు ఇష్టమైనది, ఎందుకంటే అది బాగుచేసుకోవడాన్ని కూడా కొలిచింది. మన ప్రతి కణంలో డీఎన్ఏకి రోజుకు పదివేలకు పైగా దెబ్బలు తగులుతాయని అంచనా. ఏ పొగా లేకపోయినా, మామూలుగా బతకడం వల్లే. దాదాపు అన్నిటినీ కణం తనే కుట్టుకుంటుంది. ఆ కుట్టుపని ఎలా జరుగుతుందో చెప్పినందుకే 2015లో లిండాల్, మోడ్రిచ్, సంజార్‌లకు రసాయనశాస్త్ర నోబెల్ ఇచ్చారు. అమ్మగారికి కివీలు కొననక్కర్లేదు. జామ, ఉసిరి, ఆకుకూరలు పళ్లెంలో ఉండనివ్వండి, డబ్బాలో వద్దు.

అమ్మగారికి క్యాన్సర్ చికిత్స ఏదైనా జరుగుతోందా? జరుగుతుంటే మాత్రం ఏ యాంటీఆక్సిడెంట్ మాత్రా డాక్టర్‌ని అడగకుండా వద్దు. రేడియేషన్, కొన్ని కీమో మందులు పనిచేసేదే క్యాన్సర్ కణాల డీఎన్ఏని దెబ్బతీసి. మనం కాపాడాలనుకోని కణాలను కూడా అవి కాపాడొచ్చు.

సందేహి (20 జనవరి, మధ్యాహ్నం 2:30)

లేదండీ, షుగర్ మాత్రమే. ధన్యవాదాలు. సాయంత్రం ఫోన్ చేసి చెబుతాను.

కవిత_హన్మకొండ (21 జనవరి, రాత్రి 10:20)

డబ్బా నా బీరువాలో ఉంది. నిన్న రాత్రి నాన్నను కూర్చోబెట్టి ఫిన్లాండ్ సంగతి చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "ముప్పై అయిదేళ్లు తాగాను. లోపల పాడవ్వాల్సింది ఎప్పుడో పాడైపోయింది. ఇప్పుడు మానితే ఏం, మానకపోతే ఏం? ఆ డబ్బా ఒక్కటే నాకు కాస్త ధైర్యంగా ఉండేది."

నేను కోపంతో అరిచిన రోజులన్నీ గుర్తొచ్చాయి. నాన్నకు ఇంత భయం ఉందని నాకు తెలియదు. ఆ మాటకి ఏం జవాబు చెప్పాలో తెలియక ఇక్కడికొచ్చాను.

ఊపిరి_డాక్టర్ (21 జనవరి, రాత్రి 11:02)

ఆ మాటకి జవాబుంది. నాన్నగారికి ఇది చదివి వినిపించండి.

2020లో ఇంగ్లండ్ పరిశోధకులు 16 మంది శ్వాసనాళాల లోపలి పొర నుంచి కణాలు తీసి, ఒక్కొక్క కణం డీఎన్ఏ మొత్తం చదివారు. వాళ్లలో పొగతాగేవాళ్లు, మానేసినవాళ్లు, ఎప్పుడూ తాగనివాళ్లు ఉన్నారు. తాగేవాళ్ల కణాల్లో పొగ వేసిన వేల మ్యుటేషన్లు ఉన్నాయి, అది ఊహించిందే. మానేసినవాళ్లలో మాత్రం ఎవరూ ఊహించనిది కనిపించింది. వాళ్ల కణాల్లో కొన్ని, 40 శాతం దాకా కూడా, ఎప్పుడూ తాగనివాళ్ల కణాల్లాగే ఉన్నాయి. ఇప్పటికీ తాగుతున్నవాళ్లతో పోలిస్తే అలాంటి కణాలు నాలుగు రెట్లు. పాడైన కణాలు బాగుపడలేదు. ఎక్కడో దెబ్బ తగలకుండా మిగిలిన మంచి కణాలు, పొగ ఆగాక పెరిగి ఆ పొరను మళ్లీ నింపుతున్నట్టున్నాయి. చాలా ఏళ్లు బాగా తాగి మానేసినవాళ్లలో కూడా.

అంటే మీ నాన్నగారి లోపల కూడా ఆ మంచి కణాలు ఉండే ఉంటాయి. వాటికి ఖాళీ దొరకాలి.

మానడం ఒక్కరి వల్ల కాకపోతే అది బలహీనత కాదు, నికోటిన్ అలాంటిది. స్టెంట్ తర్వాత నాలుగు నెలలు ఆపగలిగిన మనిషి ఆయన. జాతీయ పొగాకు మాన్పించే హెల్ప్‌లైన్ 1800-11-2356, ఉచితం. నికోటిన్ బిళ్లలు, ప్యాచ్‌లు ఆయనకు సరిపోతాయో లేదో గుండె డాక్టర్ని అడగండి.

కవిత_హన్మకొండ (24 జనవరి, సాయంత్రం 7:48)

చదివి వినిపించాను. "నాలుగు రెట్లు" అన్నచోట ఆపి, మళ్లీ చదవమన్నారు. తర్వాత, "ఆ పదహారు మందిలో నా అంత తాగినవాడున్నాడా అడుగు" అన్నారు. ఉన్నారని డాక్టర్ గారు రాసిన లైను చూపించాను.

ఈ రోజు గుండె డాక్టర్ దగ్గరికి వెళ్లాం. డబ్బా చూసి వద్దన్నారు, కాలేయం టెస్టు రాశారు, రిపోర్టు సోమవారం వస్తుంది. హెల్ప్‌లైన్‌కి ఫోన్ నేను కలిపిస్తానంటే నాన్న ఒప్పుకోలేదు, తనే చేస్తానన్నారు. ఇప్పుడు వరండాలో కూర్చుని మాట్లాడుతున్నారు. ఇరవై నిమిషాలైంది.